నడిమి దొంగ భుజం మీద బిడ్డ

ఉదయం పదీ నలభై అయింది. గుట్ట కింది మ్యూజియం అంతా కలిపి ఒకటే గది. దానికి ఒకటే ఫ్యాను, అదీ తిరగనా మాననా అన్నట్టు తిరుగుతోంది. ఇన్‌స్పెక్టరమ్మ బల్లకు ఇవతల కూర్చుని సెల్‌ఫోను ఒళ్లో పెట్టుకుంది. కూతురు తెల్లవారుజామున రైలెక్కింది. పదింటికల్లా కొత్త ఊళ్లో దిగి ఉద్యోగంలో చేరాలి. దిగగానే "చేరా" అని ఒక్క ముక్క పెట్టమని ప్లాట్‌ఫారం మీద మూడుసార్లు చెప్పింది. నలభై నిమిషాలైనా ఆ ముక్క రాలేదు. ఈ నలభై నిమిషాల్లో ఆవిడ మనసులో ఆ రైలు రెండుసార్లు పట్టాలు తప్పింది.

స్టేషన్లో ఆవిడకు వెనకాల పెట్టిన పేరు 'అయ్యోమ్మ'. ఏ కేసొచ్చినా ముందు అయ్యో అంటుంది. ఆ తర్వాత అన్నిటికన్నా చెడ్డది ఏం జరిగి ఉంటుందో ఊహించుకుని, అక్కణ్ణుంచి ఒక్కో అడుగూ వెనక్కి వేసుకుంటూ వచ్చి దొంగ చెయ్యి పట్టుకుంటుంది. ఇరవై రెండేళ్లుగా ఆ భయమే ఆవిడకు అన్నం పెట్టింది.

ఎదురుగా ప్రొఫెసర్ కూర్చున్నాడు. గుట్ట మీది పాతకాలపు నిలువు రాళ్లను పన్నెండేళ్లుగా కొలుస్తున్న మనిషి. నడుముకు ఇనుప టేపు వేలాడుతోంది. మాట్లాడుతున్నప్పుడు దాన్ని జానెడు బయటికి లాగి వదలడం ఆయన అలవాటు. టక్.

నిన్న పొద్దున ఆ రాళ్ల మధ్యనే వాటి కాపలాదారు శవం దొరికింది. ముప్ఫై ఏళ్లుగా అక్కడే ఉన్న ముసలాయన. చుక్కల తాత అనేవారు అందరూ. తల వెనక దెబ్బ. సాయంత్రానికల్లా తాత అల్లుణ్ని, రాళ్లు చెక్కేవాణ్ని, పట్టేశారు. పట్టింది ఇన్‌స్పెక్టరమ్మ కాదు. పై ఆఫీసు నుంచి ఊడిపడ్డ అధికారి. ఇవాళ ఒంటిగంటకు అతణ్ని ఎక్కించుకుని వ్యాను కోర్టుకు కదులుతుంది. కదిలిందంటే ఇక ఎవరూ వెనక్కి తిరిగి చూడరు.

గోడ వారన బెంచీ మీద తాత కూతురు కూర్చుని ఉంది. ఏడో నెల. నిన్న తండ్రి పోయాడు, ఇవాళ మొగుడు పోబోతున్నాడు. చేతిలో నీళ్ల గ్లాసు పట్టుకుందే గానీ తాగడం లేదు.

"నిన్న గుట్ట దగ్గరికి ఎన్నింటికి వచ్చారు సార్?"

"ఎనిమిదికి. గేటు దగ్గర జనం మూగి ఉన్నారు. అప్పుడే తెలిసింది." టక్.

"అంతకు ముందు?"

"ఇంట్లో. నేను ఒంటికాయ శొంఠికొమ్మును మేడం. సాక్ష్యం కావాలంటే మా కాఫీ గిన్నెనే అడగాలి."

"తాతను ఆఖరుసారి ఎప్పుడు చూశారు?"

"నాలుగు రోజుల కింద. ఉద్యోగులకు వైద్య పరీక్షలంటే నేనే దగ్గరుండి పెద్దాఫీసుకు పంపాను. పొద్దున వెళ్లినవాడు మర్నాడు గానీ రాలేదు. షుగరుందని చెప్పారట. పాపం, ఇంకెందుకు ఆ షుగరు." ప్రొఫెసర్ గొంతు తగ్గించాడు. "మీతో ఏమైనా అన్నాడా మేడం? ఈ మధ్య చాదస్తం ముదిరింది. స్టేషనుకు కూడా ఫోన్లు చేస్తున్నాడని విన్నాను."

"లేదండీ" అంది ఇన్‌స్పెక్టరమ్మ. అనేసి బెంచీ వైపు చూడలేకపోయింది.

అన్నాడు. మూడు రోజుల కిందట పొద్దున్నే ఫోన్ చేసి, "అమ్మా, నడిమి దొంగ భుజం మీద బిడ్డ లేదమ్మా, ఎత్తుకుపోయారు" అన్నాడు. బిడ్డ అన్న మాట చెవిన పడ్డాక ఆవిడకు మిగతా మాటలు ఎక్కలేదు. ఎనిమిది మంది కానిస్టేబుళ్లను బస్టాండుకు, రైల్వే స్టేషనుకు, గుట్ట వెనక పొదల్లోకి పరిగెత్తించింది. రెండు బావుల్లో పాతాళగరిగె వేయించింది. గరిగెకు ఏదో బరువు తగిలినప్పుడు కళ్లు గట్టిగా మూసుకుంది. పైకి వచ్చింది చిల్లు బకెట్టు. మధ్యాహ్నానికి తాత నింపాదిగా స్టేషను మెట్లెక్కి, "ఊపిరున్న బిడ్డ కాదమ్మా..." అని మొదలుపెట్టాడు. అంతే, ఆ మూడు గంటల భయమూ కోపమై కట్ట తెంచుకుంది. "నా గుండె నోట్లోకొచ్చింది, తెలుసా? ఇంకోసారి నాకు ఫోన్ చేశావో, ఊరుకోను!" అని నలుగురిలో కేకలేసింది. ఫిర్యాదు పుస్తకంలో రాయలేదు. ఫోను మీద ఏదో కసిగా నొక్కి సంచిలో పడేసింది. తాత టోపీ తీసి చేత్తో దులిపి, మళ్లీ పెట్టుకుని మెట్లు దిగిపోయాడు. మళ్లీ ఫోన్ చేయలేదు.

ఆ ఒక్క వాక్యం పూర్తి చేయనిచ్చి ఉంటే నీ సొమ్మేం పోయేదే, అని నిన్నటి నుంచీ తనను తాను అడుగుతూనే ఉంది. దొంగ భుజం మీద బిడ్డ అంటే ఏమిటో ఆయన కూతుర్ని అడిగితే ఒక్క నిమిషంలో తేలిపోతుంది. కానీ అడిగితే, "మా నాన్న మీ దగ్గరికొచ్చాడా?" అంటుంది. ఆ ప్రశ్నకు జవాబు చెప్పే ముఖం లేక చుట్టుతిరిగి వచ్చింది.

"ఆ రాళ్ల కథ ఏదో ఉందటగా, చెప్పమ్మా."

తాత కూతురు గ్లాసు పక్కన పెట్టింది. "పొడుగ్గా నిలబడ్డ రాయి ముసలమ్మ. దానికి పడమటి వైపు, పన్నెండు అంగల్లో, పడుకున్న రాయి ఆవిడ మంచం. ఆకాశంలో ఎలా ఉందో అలాగే ఆ రాతి మీద తొలిచారు, ఎప్పటి మనుషులో. నాలుగు చుక్కలు మంచం కోళ్లు. వెనకాల వరసగా మూడు చుక్కలు ముగ్గురు దొంగలు. మంచం ఎత్తుకుపోదామని పట్టుకున్నారు. ముసలమ్మ కన్ను మూయదు, వాళ్లు చెయ్యి వదలరు. అలాగే ఆకాశమంతా తిరుగుతుంటారు. పగలూ రాత్రీ సమానమయ్యే రోజున మాత్రం, పొద్దు పొడవగానే ముసలమ్మ నీడ సరిగ్గా మంచం మీద పడుతుంది. ఏడాదికి ఆ రెండు రోజులే ఆవిడ నడుం వాల్చేది. ఆ రోజు ఎప్పుడొస్తుందా అని నాన్న రోజూ పొద్దున్నే నీడ అంచున సుద్దతో గీత గీసేవాడు."

"ఆ గీతల సంగతి నిన్న నువ్వు చెప్పాకే, అక్కడ కాపలా ఉన్న కానిస్టేబుల్‌కు ఓ పని పురమాయించాను" అంది ఇన్‌స్పెక్టరమ్మ. "అవునూ, అంతసేపు దొంగలు చేతికి దొరికి ఉంటే ముసలమ్మ ఒక్క కేకైనా పెట్టదా?"

తాత కూతురు మొహంలో నిన్నటి నుంచీ లేని వెలుగు చిటికెడు కనిపించింది. "అదేగా కథ. పెట్టదు. ఎందుకంటే ఆ నడిమి దొంగ..."

ఒళ్లో ఫోను కదిలింది. ఇన్‌స్పెక్టరమ్మ గబుక్కున చూసుకుంది. 'మీ పాత సోఫాకు కొత్త బట్ట. ఈ వారమే.' తల ఎత్తేసరికి ప్రొఫెసర్ అందుకున్నాడు.

"కథలకేం మేడం, ఊరికో కథ. ఏడు గుంటలు, అంతే. ఒక్కోదాని లోతు, వెడల్పు, మధ్య దూరం నేను కొలిచి అచ్చు వేయించాను. ఆ కాలంవాళ్లు ఆకాశాన్ని లెక్కగా చూశారు. ఈ దొంగలూ మంచాలూ తర్వాతివాళ్లు అల్లుకున్నవి." టక్.

తాత కూతురు మళ్లీ గ్లాసు చేతిలోకి తీసుకుంది. ఆ వెలుగు పోయింది.

"మీ నాన్న రాసుకున్నవి, దాచుకున్నవి ఇంట్లో ఏమైనా ఉన్నాయామ్మా?"

"ఆయనకు రాత ఎక్కడిది? అంకెలు తప్ప రావు. ఒక గుడ్డ ఉంది. మంచం రాయి మీద తెల్ల గుడ్డ పరిచి బొగ్గుతో రుద్దితే గుంటలన్నీ అచ్చు దిగాయి. బిడ్డ పుట్టాక ఉయ్యాల పైన కడతానని ఉంచాడు."

ప్రొఫెసర్ టేపు లాగాడు. ఈసారి టక్కుమనలేదు. నాలుక బయటపెట్టినట్టు అలా వేలాడుతూ ఉండిపోయింది.

"అది తెచ్చిపెట్టు తల్లీ. ఏది ఎక్కడ పనికొస్తుందో" అంది ఇన్‌స్పెక్టరమ్మ.

"నా కారుంది, నేను దింపుతాను" అన్నాడు ప్రొఫెసర్ లేస్తూ. "ఈ ఎండలో ఈ స్థితిలో ఆటో ఎందుకు అమ్మాయ్? గుడ్డ కూడా జాగ్రత్తగా తెస్తాను."

ఇన్‌స్పెక్టరమ్మ వాకిలి దాకా వెళ్లింది. "స్పీడ్ బ్రేకర్ల దగ్గర మెల్లిగా పోనివ్వండి సార్. ఏడో నెల. నువ్వు వెనక సీట్లో కూర్చోమ్మా, ముందు వద్దు. ఇల్లు చేరగానే 'చేరా' అని ఒక్క మాట ఫోన్ చెయ్." కారు మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడింది. పదకొండూ అయిదు. టైరులో గాలి తక్కువున్నట్టు అనిపించి కంగారు పడింది. ఆవిడకు ఆ క్షణంలో తోచిన అపాయం అదొక్కటే.

*

గుట్ట ఎక్కేసరికి పదకొండూ ఇరవై అయిదు. పై ఆఫీసు అధికారి ముసలమ్మ రాతికి ఆనుకుని నిలబడి ఉన్నాడు. ప్రతి మాటకూ ముందు వాచీ చూస్తాడని కానిస్టేబుళ్లు ఆయనకు నిమిషాలయ్య అని పేరు పెట్టుకున్నారు.

"తొంభై అయిదు నిమిషాలుంది మేడం. బాధపడటానికి చాలు, దర్యాప్తుకు చాలదు."

"రాతికి ఆనుకోకండి సార్. సాక్ష్యం."

"మూడు వేల ఏళ్ల నుంచీ ఎంతమంది ఆనుకున్నారో. వినండి. అయిదూ నలభైకి మామా అల్లుళ్లు ఇక్కడ అరుచుకుంటుంటే కింద వాకింగుకొచ్చినవాళ్లు విన్నారు. అయిదూ యాభైకి అల్లుడు గుట్ట దిగి పరిగెత్తడం పాల వ్యాను డ్రైవరు చూశాడు. శవానికి మూరెడు దూరంలో అతని ఉలి. చావు అయిదున్నరకూ ఏడుకూ మధ్య అన్నాడు డాక్టరు. ఇంకేం కావాలి?"

"ఆరూ పదికి అతను ఆసుపత్రిలో ఉన్నాడు. పెళ్లానికి నొప్పొస్తే పరిగెత్తాడు. నర్సు రాసుకుంది. ఏడున్నర దాకా ఆమె మంచం పక్కనుంచి కదల్లేదు."

"అందుకే అయిదూ యాభైకి ముందే చంపాడంటున్నా."

"ఇటు రండి."

మంచం రాయి పక్కన నేలంతా చదును బండ. దాని మీద సుద్దగీతలు వరసగా, ఒకదాని వెనక ఒకటి, మంచం వైపు నడుస్తున్నట్టున్నాయి. ఇన్‌స్పెక్టరమ్మ నడుం పట్టుకుని వంగి, బొటనవేలు మడిచి నాలుగు వేళ్లు గీతకూ గీతకూ మధ్య ఆనించింది. సరిపోయింది. తర్వాతి దానికీ అంతే. ఆఖరి గీతకు అవతల, అదే దూరంలో, ఒక గులకరాయి ఉంది.

"ఈ రోజుల్లో నీడ రోజుకు బెత్తెడు జరుగుతుంది. ఇవాళ పొద్దున నీడ అంచు ఎక్కడ పడితే అక్కడ గులకరాయి పెట్టమన్నాను మన కానిస్టేబుల్‌ను. ఇదిగో. దీనికి బెత్తెడు ఇవతల ఉన్న గీత ఎప్పటిది?"

నిమిషాలయ్య వంగి గులకరాయిని చూశాడు.

"నిన్నటిది. ఆ ఎదురు గుట్ట దాటి పొద్దు పైకొచ్చేది ఆరూ ఇరవై రెండుకు. అంటే ఆరూ ఇరవై రెండుకు తాత బతికే ఉన్నాడు, ఇక్కడే కూర్చుని గీత గీశాడు. అప్పటికి అల్లుడు ఆసుపత్రిలో ఉన్నాడు."

"బావుంది. సుద్దముక్కను బోనెక్కిస్తారా?"

"గీత అబద్ధమాడదు సార్."

"గీసేవాడు ఆడొచ్చు. ముప్ఫై ఏళ్లు చూసిన మనిషి. రోజుకు బెత్తెడని మీకే తెలిసినప్పుడు ఆయనకు తెలియదా? రేపటి గీత ఇవాళే గీసేసి ఉండొచ్చు. లాయరు మొదట అడిగే ప్రశ్న ఇదే." ఆయన గొంతులో ఎకసెక్కెం లేదు, అదే ఎక్కువ బాధించింది. "ఇంకొకటి. ఆయనకు ప్రాణభయం ఉంటే మీకు చెప్పి ఉండేవాడు కదా. పుస్తకం చూశాను. ఒక్క ఫిర్యాదు లేదు. ఆయన ఫోను దొరకలేదు. కంపెనీ నుంచి కాల్స్ జాబితా రావడానికి రెండు రోజులు. వ్యాను ఒంటిగంటకు."

ఇన్‌స్పెక్టరమ్మ మంచం రాయి వైపు తిరిగింది. బారెడు రాయి. నాలుగు కోళ్లు, ముగ్గురు దొంగలు. గుంటలు నున్నగా, శుభ్రంగా ఉన్నాయి. నడిమి దొంగ గుంట పక్కన, కాస్త పైగా, వేలి గోరంత సుద్ద సున్నా కనిపించింది. ముందు రోజు ఫోటోల్లో దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. సున్నా లోపల ఏమీ లేదు. ఉత్త రాయి. రాతి ఒక మూల మీద చిన్న పెచ్చు లేచి ఉంది. లేచినచోట పచ్చి తెలుపు.

ఏమీ లేనిదాని చుట్టూ ఎవరైనా గీత ఎందుకు గీస్తారు?

"కింద వ్యానులో ఉన్న అల్లుణ్ని దించండి సార్. ఒక్కసారి ఇక్కడికి రానివ్వండి."

"నిన్నటి నుంచీ నోరు విప్పలేదు. మీకు విప్పుతాడా?"

"విప్పకపోతే మీకేగా లాభం."

నిమిషాలయ్య వాచీ చూసుకున్నాడు. "పది నిమిషాలు."

*

తాత అల్లుడు బేడీలతో నడిచొచ్చి, మంచం రాయిని చూడగానే మొహం తిప్పుకున్నాడు. అరచేతులు రెండూ కాయలు కాచి ఉన్నాయి. ఎడమ బొటనవేలి గోరు ఎప్పుడో సుత్తి పడి నల్లబడింది.

"పొద్దున నీ భార్యను 'ఏమైనా తిన్నావా?' అని అడిగాను" అంది ఇన్‌స్పెక్టరమ్మ. "తిన్నానంది. అబద్ధం. నోరు పిడచగట్టుకుపోయి ఉంది. నువ్వు ఇలా మూగనోము పడితే ఆమె ఎవరి కోసం తింటుంది బాబూ?"

అతను తిరిగి మంచం రాయిని చూశాడు.

"మామను నేనే చంపానమ్మా."

నిమిషాలయ్య ఒక అడుగు ముందుకేశాడు. ఇన్‌స్పెక్టరమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. "ఎలా?"

"ఈ రాయితో. ఇది నేను చెక్కిందే."

"ఇది వేల ఏళ్ల నాటిది కదయ్యా!"

"అది వేరే. ఇది నకలు. మ్యూజియంలో అద్దాల పెట్టెలో పెట్టాలి, పిల్లలు ముట్టుకోకుండా, అని ప్రొఫెసరు సారు చేయించారు. ఆయనే కాగితం మీద గీసిచ్చారు, కొలతలన్నీ వేసి. ఎవరికీ చెప్పొద్దు, ప్రారంభం రోజున అందరూ ఆశ్చర్యపోవాలి అన్నారు. నా భార్యకు కూడా చెప్పలేదు. నిన్న చీకటి విడుతుండగా మామ నన్ను చెయ్యి పట్టుకుని ఇక్కడికి తెచ్చాడు. 'చూడరా, ఇది నీ చేతిపనేనా?' అన్నాడు. మూల మీద ఒక్క దెబ్బ కొట్టి చూశా. లోపల పచ్చిగా ఉంది. నా రాయే. అసలుది తీసేసి దీన్ని పెట్టేశారు. మామ నా మొహం మీద ఒక్క మాట అన్నాడమ్మా. 'నీకు కథ తెలిసి కూడా బిడ్డను వదిలేశావేంట్రా' అన్నాడు. నేను అరిచాను. ఆయనా అరిచాడు. చేయించింది ఎవరో చెప్పేలోపే ఆసుపత్రికి రమ్మని నా భార్య ఫోను. ఉలి అక్కడే పడేసి పరిగెత్తాను. ఆయన్ను ఒంటరిగా వదిలేసి పోయాను."

"ఏ బిడ్డ?" అంది ఇన్‌స్పెక్టరమ్మ. "ఏ బిడ్డను వదిలేశావు?"

"నడిమి దొంగ భుజం మీద బిడ్డ." అతను బేడీల చేతులతోనే ఆ సుద్ద సున్నాను చూపించాడు. "ఆకాశంలో చూడండమ్మా, నడిమి చుక్కను ఆనుకుని ఇంకో చిన్న చుక్క ఉంటుంది. కళ్లు బాగున్నవాళ్లకే ఆనుతుంది. అది వాడి బిడ్డ. తల్లి లేని పిల్ల. ఇంట్లో ఒంటరిగా వదల్లేక, దొంగతనానికి కూడా భుజాన వేసుకొచ్చాడు. నిద్రపోతోంది. అందుకే ముసలమ్మ కేక పెట్టదు. కేక పెడితే బిడ్డ ఉలిక్కిపడుతుందని. అసలు రాతి మీద దానికీ ఓ గుంట ఉంది, కందిగింజంత. సారు కాగితంలో లేదు. అడిగాను కూడా. 'సార్, బిడ్డేదీ?' అన్నాను. నవ్వారు. 'అది వానకు పడ్డ చిల్లు, మనుషులు తొలిచింది కాదు. నా కాగితంలో ఎంతుందో అంతే చెక్కు' అన్నారు."

ఇన్‌స్పెక్టరమ్మ వంగి ఆ సుద్ద సున్నాను మళ్లీ చూసింది.

ఊపిరున్న బిడ్డ కాదమ్మా. ఇంకో రెండు మాటలు. రాతి మీది బిడ్డ అని ఆయన అనేవాడు, తను జీపెక్కి గుట్టకు వచ్చేది, పన్నెండేళ్లు టేపుతో కొలిచి కూడా కథ వినని మనిషి ఎవరో ఆ పూటే తేలిపోయేది. పొద్దున బెంచీ మీద ఆ పిల్ల కూడా అక్కడి దాకానే వచ్చి ఆగింది. అప్పుడూ తను ఫోను చూసుకుంది.

"ప్రొఫెసరు నకలు చేయించానని ఒప్పుకుంటాడు, మార్చింది నేను కాదంటాడు" అన్నాడు నిమిషాలయ్య. ఈసారి వాచీ చూడలేదు. "అసలు రాయి ఏ బంగళా వరండాలో ఉందో. నిన్న ఇంట్లో ఉన్నానన్నాడుగా. ఇక్కడ ఉన్నాడని చెప్పేదెవరు? ముసలాయన పోయాడు. ఆయన మీకైనా ఒక్క ఫోను..."

"చేయలేదు" అనబోయి ఇన్‌స్పెక్టరమ్మ ఆగిపోయింది.

ఆ రోజు ఫోను మీద కసిగా నొక్కింది. ఏం నొక్కింది? విసిగించే నంబర్లు మోగకుండా చేయడం కూతురే నేర్పింది. "ఇక వాళ్లెన్నిసార్లు చేసినా నీకు తెలియనే తెలియదమ్మా, హాయి" అంది.

గబగబా నొక్కితే రెండుసార్లు వేరే చోట తెరుచుకుంది. మూడోసారి ఆ జాబితా వచ్చింది. ఒకటే నంబరు. నిన్నటి తేదీ. ఆరూ ఇరవై నాలుగు. ఆరూ ఇరవై ఏడు. ఆరూ ముప్ఫై ఒకటి. ఆఖరి దాని పక్కన చిన్న గుర్తు. వాయిస్ మెసేజ్.

నొక్కింది. గాలి హోరు. ఆ వెనక తాత గొంతు, మొహమాటంగా, మెట్ల మీద నిలబడ్డప్పుడు ఉన్నట్టే.

"అమ్మా, కోప్పడొద్దు. గుట్ట కాపలావాణ్ణి. ఆ రోజు సగమే చెప్పాను, తప్పు నాదే. బిడ్డంటే రాతి మీది గుంటమ్మా. రాయి మార్చేశారు. బిడ్డ ఎక్కడుండాలో సుద్దతో చుట్టిపెట్టాను, మీరొస్తే చూపిస్తా. మా అల్లుడి మీద అరిచాను గానీ వాడు అమాయకుడు, వాణ్నేం అనకండి. ఆఁ... అదిగో, ప్రొఫెసరు సారే వస్తున్నారు, ఇంత పొద్దున్నే! మంచిదైంది, ఆయనకే చూపిస్తాలెండి. మీకెందుకు శ్రమ. పెట్టేస్తున్నా."

పెట్టేయడం రాలేదో, తొందరలో మరిచాడో, మరో మూడు క్షణాలు గాలి వినిపించింది. అడుగుల చప్పుడు దగ్గరికొచ్చింది. ఆ తర్వాత, ఫోనుకు దగ్గరగా,

టక్.

తాత అల్లుడు రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. బేడీలు గలగలమన్నాయి.

"ఇది నిన్నటి నుంచీ మీ దగ్గరుందా?" అన్నాడు నిమిషాలయ్య.

"ఆరూ ముప్ఫై ఒకటి నుంచీ. నా సంచిలోనే ఉంది." ఇన్‌స్పెక్టరమ్మ ఫోను ఆయన చేతిలో పెట్టింది. "సీలు వేసుకోండి. మూడు రోజుల కిందట ఆయన ఫిర్యాదు చేశాడని, నేను రాసుకోలేదని, తిట్టి పంపానని, అది కూడా రాసుకోండి."

"ఉద్యోగం పోతుంది మేడం. అది తెలిసే ఇస్తున్నారా?"

"ఆయన పోయాడు కదా సార్. ఉద్యోగం పోతే పోనివ్వండి. ముందు ఆ బేడీలు తియ్యండి."

నిమిషాలయ్య కాసేపు ఫోను వంక చూశాడు. అందులో ఆయన గెలుపు ఉంది, ఓటమీ ఉంది. ఏదీ ఎంచుకోకుండా జేబులోంచి తాళం తీశాడు. బేడీలు ఊడాయి.

తాత అల్లుడు మణికట్టు రుద్దుకుంటూ గుట్ట కిందికి చూశాడు. "నా భార్య కిందే ఉందామ్మా? పిలవండి. నేనే చెబుతాను."

ఇన్‌స్పెక్టరమ్మ చూపు కారు మలుపు తిరిగిన దారి మీద పడింది.

పదకొండూ అయిదుకు కారు కదిలింది. ఇల్లు పది నిమిషాల దూరం. ఇప్పుడు పన్నెండు దాటింది. కందిగింజంత గుంటతో సహా ఎనిమిది గుంటల అచ్చు దిగిన గుడ్డ లోకంలో ఒక్కటే ఉంది. అది ఎక్కడుందో ప్రొఫెసర్ వినేలా చెప్పించింది తనే. ఆ పిల్లను వెనక సీట్లో కూర్చోబెట్టింది తనే. స్పీడ్ బ్రేకర్ల దగ్గర మెల్లిగా అని జాగ్రత్త చెప్పింది కూడా తనే. ఇరవై రెండేళ్లు లేని దయ్యాలన్నిటికీ భయపడి, ఉన్న ఒక్కదానికి కారు తలుపు తీసి పట్టుకుంది.

"ఆమె నంబరు చెప్పండి!" నిమిషాలయ్య అప్పటికే తన ఫోను తీశాడు. అల్లుడు గడగడా చెప్పాడు. ఒకసారి చివరిదాకా మోగింది. రెండోసారి రెండు రింగులకే తెగింది. మూడోసారి అసలు మోగలేదు.

అప్పుడు నిమిషాలయ్య ఎడమచేతిలో ఉన్న ఇన్‌స్పెక్టరమ్మ ఫోను కదిలింది. ముగ్గురూ ఒక్కసారిగా దాని మీదికి వంగారు.

'చేరానమ్మా. దారిలో సిగ్నల్ లేదు. నువ్వు ఊరికే భయపడతావు.'

"నా భార్యేనా అమ్మా?" అన్నాడు తాత అల్లుడు. "చేరానందా?"

"కాదు బాబూ" అంది ఇన్‌స్పెక్టరమ్మ. "మా అమ్మాయి."